కొత్తవారు ఎందుకు వెళ్ళిపోతున్నారు: మా గ్లైడింగ్ క్లబ్బులో ఏడాది ప్రాజెక్టు డైరీ

నవంబరు 9

మా గ్లైడింగ్ క్లబ్బు ఇంగ్లండు దక్షిణ భాగంలో, గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక గడ్డి మైదానంలో నడుస్తోంది. శిక్షణకు రెండు సీట్లున్న ఏఎస్‌కె 21 గ్లైడర్లు (ఇంజను లేని విమానాలు) రెండు, వాటిని తాడుతో గాలిలోకి లాగే యంత్రమైన వించ్ ఒకటి, ఆ వించ్‌ను నడపగలిగిన కొద్దిమంది సభ్యులు, జీతం లేకుండా వారాంతాల్లో వచ్చి నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు, ఇవే మా ఆస్తి. ప్రకాశం జిల్లా నుంచి ఉద్యోగం కోసం ఈ దేశానికి వచ్చిన నేను ఆరేళ్ళ క్రితం ఇక్కడ చేరాను. నిన్నటి కార్యవర్గ సమావేశంలో కొత్త సభ్యుల బాధ్యతను నాకు అప్పగించారు. సంవత్సరం పాటు ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఏది చేయలేదో రాసిపెట్టమని కూడా కోరారు. ఈ డైరీ అందుకే.

సమావేశంలో అందరూ మాట్లాడింది కొత్తవారిని ఎలా రప్పించాలి అన్న విషయం. కరపత్రాలు, బ్యానర్లు, ఊరి సంతలో గ్లైడరును ప్రదర్శనకు పెట్టడం వంటి ఆలోచనలు చాలా వచ్చాయి. నేను ఇంటికి వచ్చి గత మూడేళ్ళ సభ్యత్వ పుస్తకాన్ని, ఎగిరినవారి రోజువారీ లాగ్ షీట్లను పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ మూడేళ్ళలో మా దగ్గర 41 మంది చేరారు. ఇప్పుడు మిగిలినవారు 17 మంది. అంటే మనుషులు రాకపోవడం మా సమస్య కాదు. వచ్చినవారు ఏ రోజున, ఏ దశలో మానేశారో ఒక్కొక్క పేరు ఎదుట రాసుకుంటూ పోతే మూడు చోట్ల గుంపుగా తేలారు: చేరిన మొదటి రెండు నెలలలో కొందరు, సోలోకు, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగరడానికి, కాస్త ముందు కొందరు, సోలో అయిన ఏడాదిలోపు మరికొందరు. ఈ మూడు చోట్లా కారణాలు ఒకటే అయి ఉండవని అనిపించింది. అయితే అనిపించడం వేరు, అడిగి తెలుసుకోవడం వేరు.

నవంబరు 30

మానేసినవారికి ఫోన్లు చేస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు మందితో మాట్లాడాను. ఇలా ఫోన్ చేసి అడిగినవారు ఇంతవరకు లేరని దాదాపు ప్రతి ఒక్కరూ చెప్పారు. ఆ మాట వింటుంటే బాధ కలిగింది.

డబ్బు గురించి ముందుగా చెబుతారనుకున్నాను. ఇద్దరు మాత్రమే చెప్పారు. భయం గురించి ఒక్కరు కూడా చెప్పలేదు. ఎక్కువమంది చెప్పింది నేల మీద గడిచిన సమయం గురించి. ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆవిడ చెప్పిన తీరు నా చెవిలో ఇంకా ఉంది: "ఉదయం తొమ్మిదికి వచ్చాను. సాయంత్రం నాలుగింటికి ఒక్క లాంచ్ దొరికింది, ఆరు నిమిషాలు ఎగిరాను. ఆ ఆరు నిమిషాలు ఎంతో బాగున్నాయి. మిగిలిన ఏడు గంటలూ బస్సు పక్కన నిలబడ్డాను. లోపలికి వెళ్ళి కూర్చోవచ్చో లేదో తెలియలేదు. దిగిన గ్లైడర్లను తోసుకొచ్చేవాళ్ళు పాత స్నేహితుల్లా కనిపించారు, నేను వెళ్ళి చెయ్యి వేస్తే ఏమనుకుంటారోనని ఆగిపోయాను."

ఆవిడ చెప్పిన బస్సు గ్లైడర్లు పైకి లేచే చోట, అంటే మా లాంచ్ పాయింటులో నిలిపే పాత బస్సు. లాగ్ రాసేవారు అందులో కూర్చుంటారు. టీ ఫ్లాస్కులు, రేడియో, పారాచూట్లు అందులోనే ఉంటాయి. అందులోకి ఎవరైనా వెళ్ళవచ్చు. ఈ సంగతి మాకందరికీ ఎంతగా తెలుసంటే, తెలియనివారు ఉంటారన్న ఊహే మాకు రాలేదు. దిగిన గ్లైడరును తోసుకురావడానికి మనుషులు చాలక మేము ఇబ్బంది పడుతున్న అదే గంటలో, సాయం చేయాలని మనసులో ఉన్న మనిషి పది గజాల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఈ క్రీడ తెలియనివారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. గ్లైడరుకు ఇంజను ఉండదు. సుమారు కిలోమీటరు దూరంలో ఉన్న వించ్ ఒక తాడును వేగంగా చుట్టుకుంటుంటే, గ్లైడరు గాలిపటంలా పైకి లేస్తుంది. దీన్నే లాంచ్ అంటాం. గాలిని బట్టి వెయ్యి నుంచి పదిహేను వందల అడుగుల ఎత్తుకు చేరాక పైలట్ పసుపు పిడి లాగి తాడును విడిచిపెడతాడు. పైకి లేచే గాలి దొరకకపోతే ఐదారు నిమిషాల్లో తిరిగి నేల మీద ఉంటాడు. ఒక్క గ్లైడరును ఎగరేయాలంటే రెక్క పట్టుకునేవారు, తాడు తగిలించేవారు, సంకేతాలు ఇచ్చేవారు, వించ్ నడిపేవారు, లాగ్ రాసేవారు కావాలి. కాబట్టి ఇతరులను ఎగరేస్తేనే మన వంతు వస్తుంది. ఈ ఏర్పాటు తెలిసినవారికి ఆ ఏడు గంటలు పనితో, మాటలతో నిండిపోతాయి. తెలియనివారికి అవి శూన్యంగా గడుస్తాయి.

డిసెంబరు 14

చలికాలం, పగటి వెలుగు తక్కువ, మైదానం తడి. చదువుకోవడానికి సమయం దొరికింది. ఈ దేశపు గ్లైడింగ్ చరిత్రలోనే మా సమస్యకు పాత రూపం కనిపించింది. 1922 అక్టోబరులో సస్సెక్స్‌లోని ఇట్‌ఫర్డ్ కొండ మీద ఒక పత్రిక వెయ్యి పౌండ్ల బహుమతితో పోటీ పెట్టింది. ఫ్రెంచి పైలట్ మానెరోల్ 3 గంటల 21 నిమిషాలు గాలిలో నిలిచి దాన్ని గెలుచుకున్నాడు. జనం విరగబడి చూశారు. ఆ తరువాత ఏడేళ్ళ పాటు ఇక్కడ గ్లైడింగ్ దాదాపు లేనట్టే అయింది. చూసిన జనం చేరి నేర్చుకోవడానికి క్లబ్బు లేదు, నేర్పేవారు లేరు. 1929 చివర బ్రిటిష్ గ్లైడింగ్ అసోసియేషన్ ఏర్పడింది. 1930లో ఆస్ట్రియా పైలట్ రాబర్ట్ క్రోన్‌ఫెల్డ్ ప్రదర్శనల ఊపులో దేశమంతా క్లబ్బులు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా క్లబ్బులు కొద్దికాలానికే మూతపడ్డాయి. కొన్ని మాత్రం నిలిచాయి. అదే ఏడాది మొదలైన లండన్ గ్లైడింగ్ క్లబ్బు డన్‌స్టబుల్ కొండ దిగువన నేటికీ నడుస్తోంది.

ఊరి సంతలో గ్లైడరు ప్రదర్శన పెట్టే ఆలోచనను ఈ ఏడాదికి పక్కన పెడదామని కార్యవర్గానికి ఉత్తరం రాశాను. ఎక్కువమందిని పిలిచే ముందు, వచ్చినవారి మొదటి రోజును బాగుచేయడం మన పని అని అందులో వివరించాను. ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. కోశాధికారి ఆందోళన న్యాయమైనదే. సరదా విమానయానం కోసం బహుమతి కూపన్లతో వచ్చేవారి ద్వారా వచ్చే ఆదాయం లేకపోతే గ్లైడర్ల బీమా కట్టడం కష్టం. అందుకని కూపన్లు ఆపలేదు. ఆ విమానాలకు శని, ఆదివారాల ఉదయాల్లో ఒక గ్లైడరును విడిగా కేటాయించి, రెండవది పూర్తిగా శిక్షణకు ఉంచాలని తీర్మానించాం.

జనవరి 18

పూట పద్ధతి గురించి ఇన్‌స్ట్రక్టర్లతో సమావేశం జరిగింది. ప్రతిపాదన ఇది: రోజును రెండు పూటలుగా విడగొట్టాలి. ఒక్కో పూటకు ఒక ఇన్‌స్ట్రక్టరుకు నలుగురు విద్యార్థులకు మించకూడదు. ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి ఆ పూటలో కనీసం మూడు లాంచ్‌లు అందేలా చూడాలి. ప్రతి విద్యార్థీ తన పూట కాక, రెండవ పూటలో ఒక గంట నేల పనిలో సాయపడాలి.

మా పెద్ద ఇన్‌స్ట్రక్టర్లలో ఒకాయన దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. నలభై ఏళ్ళుగా నేర్పుతున్న మనిషి. రోజంతా మైదానంలో ఉండడమే శిక్షణ అని, మేఘాలు ఎలా మారుతున్నాయో, గాలి ఎటు తిరిగిందో, ఇతరులు ఎలా దిగుతున్నారో చూస్తూనే పైలట్ తయారవుతాడని ఆయన వాదన. పూట చూసుకుని వచ్చి పోయేవారు కొనుగోలుదారులు అవుతారు తప్ప సభ్యులు కారని అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆయన చెప్పినంతా నేను రాసుకున్నాను. అయితే ఆయన నేర్చుకున్న కాలంలో శనివారమంతా ఇంటికి దూరంగా ఉండగలిగినవారే క్లబ్బులో చేరేవారు. ఇప్పుడు చేరుతున్నవారిలో చిన్నపిల్లల తల్లులు ఉన్నారు, షిఫ్టు ఉద్యోగాలు చేసేవారు ఉన్నారు. వారికి సగం రోజు ఇవ్వకపోతే మిగిలేది అసలేమీ ఉండదు. చివరికి ఆయనే ఒక సవరణ సూచించారు. నేల పనికి ఒక గంట అని రాసిన చోట, ఆ గంటలో ఒక అనుభవజ్ఞుడు విద్యార్థి పక్కన నిలబడి, దిగుతున్న ప్రతి గ్లైడరునూ చూపించి వివరించాలని చేర్చారు. మొత్తం ప్రణాళికలో ఇంతకంటే మంచి వాక్యం లేదని నా అభిప్రాయం.

మూడు లాంచ్‌లే ఎందుకు అన్న ప్రశ్న కూడా వచ్చింది. నా అనుభవం చెప్పాను. మొదటి లాంచ్‌లో చేతులు బిగుసుకుని ఉంటాయి, పోయినసారి నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడంతోనే అది అయిపోతుంది. రెండవదానిలో కొత్తది వినబడుతుంది. మూడవదానిలో అది చేతికి వస్తుంది. రోజుకు ఒక్క లాంచ్ చొప్పున నేర్చుకునేవారు ఎప్పుడూ మొదటి లాంచ్ దగ్గరే ఉండిపోతారు.

ఫిబ్రవరి 8

ఎగరడానికి వీలుకాని వాతావరణం. క్లబ్బు గదిలో కాండర్ సిమ్యులేటరు (కంప్యూటరు మీద గ్లైడరు నడపడం అభ్యసించే ప్రోగ్రాం) పెట్టాం. అంతకంటే ముఖ్యమైనది గ్లైడర్లను ఉంచే షెడ్డులో, అంటే హ్యాంగరులో, నేల పనుల తరగతి. పోయిన శరదృతువులో చేరిన ఆరుగురు వచ్చారు.

రెక్క పట్టుకోవడం నుంచి మొదలుపెట్టాం. 17 మీటర్ల రెక్క గల ఏఎస్‌కె 21 చక్రాలు ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి అది తనంతట తాను సమంగా నిలబడదు. లాంచ్‌కు ముందు ఎవరో ఒకరు రెక్క కొసను వేళ్ళతో సమంగా నిలపాలి. గట్టిగా పట్టుకుంటే గ్లైడరు కదిలినప్పుడు ముక్కు పక్కకు తిరుగుతుంది, అందుకని కొసను అరచేతిలో ఆనించుకుని దానితోపాటు పరుగెత్తి వదిలేయాలి. సంకేతాలు మూడు. ఒక చెయ్యి శరీరం ముందు కిందుగా ఊపితే తాడు నెమ్మదిగా బిగించమని అర్థం. అదే చెయ్యి తల మీదుగా ఊపితే పూర్తి శక్తితో లాగమని. రెండు చేతులూ నిటారుగా పైకి ఎత్తితే ఆపమని. ఆపమనే సంకేతాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఇవ్వవచ్చు. నిన్న చేరినవారికీ ఆ అధికారం ఉంది.

ఈ చివరి వాక్యం చెప్పినప్పుడు ఎదుట ఉన్నవారి ముఖాలలో మార్పును నేను స్పష్టంగా చూశాను. అంతవరకు ప్రేక్షకులుగా నిలబడినవారు ఒక అడుగు ముందుకు వేశారు. ఒకరు వెంటనే అడిగారు, తాను పొరపాటుగా ఆపితే లాంచ్ ఖర్చు ఎవరిదని. పొరపాటుగా ఆపినవారిని మందలించే పద్ధతి ఇక్కడ లేదని, ఆపవలసినప్పుడు ఆపకపోవడం గురించే మా చింత అని జవాబు చెప్పాను. బాధ్యత అప్పగిస్తే మనిషి నిలుస్తాడని మనం ఇంట్లో పెళ్ళి పనుల దగ్గరే చూస్తుంటాం. వడ్డన పని అప్పజెప్పిన కుర్రవాడు చివరి పంక్తి లేచేవరకు పందిరి వదలడు.

మార్చి 30

ఉగాదికి మా ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఒక పాఠశాల హాలులో కలుసుకున్నాయి. నిర్వాహకులను అడిగి పదిహేను నిమిషాలు గ్లైడింగ్ గురించి మాట్లాడాను. గ్లైడరు ఫొటోలు చూపించాను. ఒక పారాచూట్‌ను బల్ల మీద పెట్టి పిల్లలను భుజాలకు తగిలించుకోనిచ్చాను.

ఒక చెల్లెలు నిలబడి అడిగింది: "అన్నయ్యా, ఇంజను లేనిది పైకి ఎట్లా పోతుంది? పోయినా ఎట్లా దిగుతుంది?" మన ఊళ్ళలో మే నెల మధ్యాహ్నం చెరువు గట్టు మీద గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోవడం చూసే ఉంటావమ్మా అన్నాను. ఎండకు వేడెక్కిన నేల మీది గాలి బుడగలా లేస్తుంది, గద్ద ఆ గాలిలో తిరుగుతుంది, గ్లైడరూ అంతే. దిగడానికి రెక్కల మీద గాలిని అడ్డుకునే పలకలు ఉంటాయి, నీలం పిడి లాగితే అవి లేస్తాయి, దిగే కోణాన్ని వాటితో సరిచేసుకుంటాం. ఆ వివరణ తరువాత ప్రశ్నలు ఆగలేదు. ఈ దేశంలో పద్నాలుగేళ్ళు నిండినవారు ఒంటరిగా గ్లైడరు నడపవచ్చని చెప్పినప్పుడు హాలు ఒక్కసారి నిశ్శబ్దమైంది. తండ్రులలో ఎక్కువమంది చదువు గురించి, తల్లులలో ఎక్కువమంది భద్రత గురించి అడిగారు. రెండు సీట్ల గ్లైడరులో వెనుక ఇన్‌స్ట్రక్టరుకూ అవే నియంత్రణలు ఉంటాయని, తాడుకు గ్లైడరుకు మధ్య ఉండే వీక్ లింక్ పరిమితికి మించిన బలం పడితే ముందుగా తెగిపోతుందని, తాడు తెగిన సందర్భాన్ని ప్రతి విద్యార్థి చేత సోలోకు ముందు మళ్ళీ మళ్ళీ అభ్యాసం చేయిస్తామని చెప్పాను. ప్రమాదం అసలు లేదని మాత్రం చెప్పలేదు. అలా చెప్పి చేర్చుకున్నవారు మొదటి తాడు తెగిన రోజున మనల్ని నమ్మరు.

మూడు కుటుంబాలు వచ్చి చూస్తామన్నాయి. హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఇలాంటి అవకాశం ఎక్కడ ఉందని ఒకరు అడిగారు. పుణె హడప్సర్‌లోని గ్లైడింగ్ కేంద్రం సంగతి, ఎన్‌సీసీ వైమానిక విభాగం సంగతి చెప్పాను.

ఏప్రిల్ 20

పూట పద్ధతి మొదలై మూడు వారాలు. ఈ శనివారం బాగా దెబ్బతిన్నాం. రాత్రి నుంచి వాన సూచన ఉంది. ఉదయం ఏడింటికే ఆ రోజు ఎగరలేమని మాకు తెలుసు. పాత సభ్యులెవరూ రాలేదు, ఎందుకంటే ఆకాశం చూసి వారికి అర్థమైంది. పూట నమోదు చేసుకున్న నలుగురు కొత్తవారిలో ముగ్గురు వచ్చారు. ఒకరు గంటకు పైగా కారు నడుపుకుని వచ్చారు. గేటు తాళం వేసి ఉంది.

ఇది పూర్తిగా నా లోపం. రద్దు సంగతి చెప్పవలసిన మనిషి ఎవరో ప్రణాళికలో నేను రాయలేదు. ముగ్గురికీ ఆ సాయంత్రమే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. అప్పటి నుంచి నియమం ఇలా మార్చాం: ముందురోజు రాత్రి ఏడింటికి ఆ రోజు బాధ్యుడు వాతావరణం గురించి ఒక సందేశం పంపాలి, ఉదయం ఏడున్నరకు తుది నిర్ణయం పంపాలి. ఎగరడం రద్దయినా క్లబ్బు గదిలో తరగతి ఉంటుందా లేదా అన్నది కూడా అందులోనే ఉండాలి. సందేశం చూసినట్టు జవాబు ఇవ్వని కొత్త సభ్యుడికి ఫోన్ చేయాలి.

మే 11

మానేసినవారి జాబితాను మళ్ళీ చూస్తే, చేరిన స్త్రీలలో నిలిచినవారు మరీ తక్కువ. ఫోనులో చెప్పనివి కొన్ని ఉంటాయని అనిపించి, ఇప్పుడు క్లబ్బులో ఉన్న నలుగురు స్త్రీ సభ్యులను ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడిగాం. అడిగింది నేను కాదు, వారిలో ఒకరు. నేను పక్క గదిలో టీ పెట్టాను.

రెండు విషయాలు వచ్చాయి. మొదటిది మరుగుదొడ్డి. గాలి పడమర నుంచి వీచే రోజుల్లో మా లాంచ్ పాయింటు క్లబ్బు భవనానికి దాదాపు కిలోమీటరు దూరంలో ఉంటుంది. పురుషులకు పొదలు ఉన్నాయి. స్త్రీలు నీళ్ళు తాగడం తగ్గించుకుని ఎండలో నిలబడుతున్నారని ఇన్నేళ్ళూ మాకు తెలియలేదు. రెండవది బరువు. మా ఏఎస్‌కె 21 ముందు సీటులో పారాచూట్‌తో కలిపి కనీసం 70 కిలోలు ఉండాలి. తక్కువ ఉన్నవారి కోసం సీసపు దిమ్మెలు బిగిస్తాం. ఆ దిమ్మెలు హ్యాంగరులో ఒక అలమరాలో ఉండేవి. సన్నగా ఉన్న మనిషి వంతు వచ్చినప్పుడల్లా, ఎవరో ఒకరు కారు వేసుకుని హ్యాంగరుకు పోయి దిమ్మెలు తెచ్చేవరకు లాంచ్ వరుస మొత్తం ఆగిపోయేది. అందరి ముందూ తన బరువు చెప్పి, అందరినీ ఆపానన్న భావంతో సీటులో కూర్చునేది ఆ మనిషి.

ఇప్పుడు దిమ్మెల పెట్టె బస్సులోనే, ఎక్కే మెట్టు పక్కన ఉంది. ప్రతి విద్యార్థి శిక్షణ కార్డు మీద ఎన్ని దిమ్మెలు కావాలో ముందే రాసి ఉంటుంది, పురుషులకు కూడా. లాంచ్ పాయింటుకు ట్రాక్టరుతో లాక్కెళ్ళగలిగే చిన్న మరుగుదొడ్డి బండి కొన్నాం. 1938లో సర్రే గ్లైడింగ్ క్లబ్బును స్థాపించి, యుద్ధం తరువాత ఎన్నో ఏళ్ళు ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణను తీర్చిదిద్దిన ఆన్ వెల్చ్ వంటి స్త్రీ ఈ దేశపు గ్లైడింగ్‌కు పునాది వేసినవారిలో ఉన్నారు. అలాంటి చోట ఈ బండి కొనడానికి ఇంత కాలం పట్టడం నాకు సిగ్గుగా ఉంది.

జూన్ 22

రెండవ దశ, అంటే సోలోకు ముందు మానేయడం గురించి పని చేస్తున్నాం. ఇక్కడ కారణం వేరు. వారం వారం వేరే ఇన్‌స్ట్రక్టరు వస్తాడు, ప్రతి ఒక్కరూ తన పద్ధతిలో మొదటి నుంచి చూడాలనుకుంటాడు, విద్యార్థి ముందుకు పోతున్నాడో లేదో అతనికే తెలియదు. బస్సు డ్రైవరుగా పదవీ విరమణ చేసిన ఒక సభ్యుడు 47 లాంచ్‌ల తరువాత కూడా దిగేటప్పుడు చివరి క్షణంలో ముక్కు ఎత్తడంలో తడబడుతున్నారు. తన వయసుకు ఇది రాదని తేల్చుకుని సభ్యత్వం పునరుద్ధరించనని నాకు చెప్పారు. ఆయన కార్డు తీసి చూశాను. 47 లాంచ్‌లు పదకొండు నెలల్లో, తొమ్మిది మంది ఇన్‌స్ట్రక్టర్లతో. ఒకరు చక్రానికి ముందున్న గడ్డి చూడమన్నారు, ఇంకొకరు మైదానం చివరి చెట్లు చూడమన్నారు.

గత వారం ఐదు రోజుల కోర్సు పెట్టాం. ఆయనను, మరో ముగ్గురిని ఒకే ఇన్‌స్ట్రక్టరుకు అప్పగించాం. మొదటి రోజు ఆ ఇన్‌స్ట్రక్టరు ఆయనకు కొత్తగా ఏమీ చెప్పలేదు. దిగుతున్నంతసేపూ ఎక్కడ చూస్తున్నావో గట్టిగా చెప్పు అన్నారు, అంతే. నేల దగ్గర పడేకొద్దీ ఆయన చూపు ముక్కు కిందికి జారుతోందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. మూడవ రోజుకు చూపు మైదానం చివరకు వెళ్ళింది. శుక్రవారం సాయంత్రం, గాలి పడిపోయిన వేళ, వెనుక సీటు పట్టీలు బిగించి కట్టి, ఇన్‌స్ట్రక్టరు గ్లైడరు నుంచి దిగి నడుచుకుంటూ వచ్చేశారు. ఆయన ఒంటరిగా ఎగిరి, ఒక్క ఎగుడు కూడా లేకుండా దిగారు. సీట్ల మీది పారదర్శకమైన మూత, కానోపీ, తెరిచాక చాలాసేపు లోపలే కూర్చున్నారు. ఆయన లేచేదాకా మేమంతా దూరంగానే ఉన్నాం.

ఇప్పటి నుంచి ప్రతి విద్యార్థికి ఒక ప్రధాన ఇన్‌స్ట్రక్టరు, ఒక తోడు సభ్యుడు ఉంటారు. తోడు సభ్యుడు నేర్పనక్కరలేదు. రెండు వారాలు కనిపించకపోతే ఫోన్ చేయాలి, అది చాలు.

జూలై 27

సోలో తరువాత మానేయడం నాకు అన్నింటికంటే అర్థం కాని విషయంగా ఉండేది. అంత కష్టపడి సాధించినవారు ఎందుకు వెళ్ళిపోతారు? ఫోన్లలో దొరికిన జవాబు ఇది: సోలో అయిన మరుసటి వారం నుంచి ఎవరికీ వారితో పని లేదు. మైదానం చుట్టూ ఆరు నిమిషాలు తిరిగి దిగడమే మిగిలింది. సోలో తరువాతి మెట్లలో ఒకటైన సిల్వర్ బ్యాడ్జికి 50 కిలోమీటర్ల ప్రయాణం, ఐదు గంటల విమానయానం, వెయ్యి మీటర్ల ఎత్తు సాధించడం కావాలని వారికి తెలుసు. అక్కడికి దారి చూపేవారు లేరు.

అందుకని మంచి వాతావరణం ఉన్న రోజుల్లో రెండు సీట్ల గ్లైడరు ఒకటి దూర ప్రయాణాలకు కేటాయించాం. ఈ రోజు కిందటి నెలలో సోలో అయిన ఒక యువకుడిని ముందు సీటులో కూర్చోబెట్టుకుని నేను వెళ్ళాను. వించ్ వదిలాక తొమ్మిది వందల అడుగుల వద్ద దిగిపోయే స్థితిలో ఉన్నాం. అప్పుడు అతనే ఒక ఎర్ర గద్దను చూశాడు. 1990ల మొదట్లో స్పెయిన్ పక్షులను తెచ్చి చిల్టర్న్ కొండల్లో వదిలాక ఈ ప్రాంతమంతా అవి మళ్ళీ పెరిగాయి. గద్ద తోక మెలితిప్పి ఎడమకు తిరిగింది, మేమూ దాని కిందికి చేరి ఎడమకు తిరిగాం. సీటు కింద నుంచి నెట్టినట్టయింది. నాలుగు వేల అడుగుల వరకు ఆ ఒక్క గాలిలోనే పోయాం. మా మైదానం అరచేయంత అయింది. దాన్ని విడిచి అవతలి పట్టణం వైపు ముక్కు తిప్పమన్నప్పుడు అతను ఒకసారి వెనక్కు చూశాడు. గంటన్నర తరువాత దిగినప్పుడు, సిల్వర్‌కు ముందు మెట్టు అయిన బ్రాంజ్ పరీక్ష పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

సెప్టెంబరు 21

నిలుపుకోవలసింది కొత్తవారినే కాదని ఈ నెల నాకు తెలిసివచ్చింది. పూట పద్ధతి వల్ల ఇన్‌స్ట్రక్టర్లకు విరామం లేకుండా పోయింది. ఇద్దరు అలసిపోయామని చెప్పారు. ఒకరు సీజను చివర మానుకుంటానన్నారు. కొత్తవారి కోసం వేసిన భారం పాతవారిని విరుస్తుంటే ఈ ప్రాజెక్టు నిలవదు. కూపన్ విమానాలు నడపడానికి నలుగురు సభ్యులకు ప్రాథమిక ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ మొదలుపెట్టాం. ఒక్కొక్కరికీ నెలకు రెండు రోజులకు మించి వంతు వేయకూడదని నిర్ణయించాం. ఇన్‌స్ట్రక్టరు తన సొంత గ్లైడరులో ఎగరడానికి నెలలో ఒక రోజు విడిగా రాసిపెడుతున్నాం, అది వంతు జాబితాలోనే ఉంటుంది.

అక్టోబరు 26

ఈ ఏడాది చేరినవారు 12 మంది. గతంతో పోలిస్తే తక్కువే. వారిలో ఇప్పటికీ వస్తున్నవారు పది మంది. బస్సు పక్కన నిలబడి వెళ్ళిపోయిన ఆ నర్సుకు వేసవిలో మళ్ళీ ఫోన్ చేశాను. తల్లి అనారోగ్యం వల్ల ఇప్పట్లో రాలేనన్నారు. చలికాలపు తరగతుల సందేశాలు పంపుతూ ఉండమన్నారు.

ఉగాది సభ నుంచి వచ్చిన మూడు కుటుంబాల్లో ఒకటి నిలిచింది. వారి అమ్మాయికి పదమూడేళ్ళు. పద్నాలుగు నిండడానికి ఇంకా నాలుగు నెలలు ఉంది కాబట్టి ఇన్‌స్ట్రక్టరుతోనే ఎగురుతోంది. నిన్న మధ్యాహ్నం ఒక కొత్త సభ్యుడు మొదటి రోజు వచ్చి బస్సుకు కాస్త దూరంగా నిలబడ్డాడు. నేను అటు నడవబోయేంతలో ఆ అమ్మాయి రెక్క కొస దగ్గర నుంచి అతన్ని పిలిచి, తన పక్కన నిలబెట్టుకుని, చేతులు రెండూ పైకి ఎత్తి ఆపే సంకేతం చూపించింది.

వచ్చే శనివారం ఉదయం పూటకు ముగ్గురు నమోదు చేసుకున్నారు. వాన సూచన ఉంది. శుక్రవారం రాత్రి ఏడింటికి సందేశం పంపవలసిన వంతు నాది.